ఆమెన్ దాకా ఆగని చెయ్యి

నెల్లూరు జిల్లా కోట నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో, పెట్రోలు బంకు దాటగానే ఎడమ పక్కన, రేకుల షెడ్డులో ఒక మోటారు రివైండింగ్ షాపు ఉంది. దాన్ని నడిపేది డెబోరా. వయసు నలభై నాలుగు, మనిషి పొట్టి, గొంతు గట్టి. ఆ చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద తిరిగే మోటార్లలో సగానికి పైగా ఏదో ఒక రోజు ఆమె బల్ల మీద పడుకున్నవే. రైతులు ఆమెను నమ్ముతారు. ఎవరి మోటారు ఎవరి తెలివితక్కువ వల్ల కాలిందో మొహం మీదే చెప్పేస్తుంది కాబట్టి కొంచెం జంకుతారు కూడా. అయితే ఆమెను గురించి చెప్పుకోవాల్సిన అసలు సంగతి ఇది కాదు. ఆమె ఒక మనిషి మీద తొమ్మిదేళ్ళు పగబట్టి కూర్చుంది, అందులో ఒక్క రోజు కూడా ఏమరలేదు.

పగ అంటే కత్తులూ కటార్లూ అనుకోవద్దు. డెబోరా పగ షాపులో పై అరలో, ఖాళీ ఊరగాయ సీసాలో ఉండేది. సబ్బుబిళ్ళంత నల్లటి ముక్క, ఒక మూల పగిలింది, అంచుల్లో ఇంకా మసి. పొద్దున షట్టరు ఎత్తగానే ఆ సీసా వంక ఒకసారి చూసి గానీ ఆమె స్క్రూడ్రైవరు పట్టేది కాదు. భర్త సుశీల్ కుమార్ కృష్ణపట్నంలో కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, నెమ్మది మనిషి. "పోనీలే డెబోరా, దేవుడే చూసుకుంటాడు" అని ఎప్పుడైనా అంటే, "దేవుడికి బోలెడు పనులుంటాయి. ఇది నేను చూసుకుంటాలే" అనేది.

ఆమె చిన్నప్పుడే తండ్రి పోయాడు. పెంచింది మేనమామ ఆదెయ్య. ఆదెయ్యకు సొంతంగా సెంటు భూమి లేదు, కౌలుకు తీసుకున్న రెండెకరాల రొయ్యల గుంట ఒక్కటే ఆధారం. ఆ గుంట మీదే మేనకోడలిని నెల్లూరులో పాలిటెక్నిక్ చదివించాడు. ఆడపిల్లకు ఎలక్ట్రికల్ ఏందని ఊళ్ళో నవ్వితే, "మీ ఇంట్లో బల్బు పోయినప్పుడు రండి, అప్పుడు చెప్తా" అన్న మనిషి ఆయన. పదో తరగతి సెలవుల్లో ఆమెను కోటలో మోటార్లు చుట్టే పరంజ్యోతి మేస్త్రి దగ్గర పనికి పెట్టింది కూడా ఆయనే.

పరంజ్యోతి మేస్త్రికి థర్మామీటరు మీద నమ్మకం లేదు. చుట్టిన మోటారును గంటసేపు నడిపాక దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పరలోక ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఆమెన్ దాకా చెయ్యి ఆగిందంటే మోటారు మంచిది. మధ్యలో చుర్రుమని తీసేయాల్సి వచ్చిందంటే విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. గబగబా చదివేసి దొంగాట ఆడకూడదు, చర్చిలో పదిమందితో కలిసి చెప్పినట్టు నిదానంగా చెప్పాలి. ఆయన చేతి కింద పని నేర్చుకున్న వాళ్ళందరికీ ఆ అలవాటే వచ్చింది. హిందువుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు కూడా ప్రార్థన మొత్తం నోటికి వచ్చేసి, ఇంట్లో తిట్లు తినడం ఉండేది. మేస్త్రి పోయి చాలా ఏళ్ళయినా డెబోరా అరచెయ్యి ఆ లెక్కనే వేడి చూస్తుంది.

డిప్లొమా అయ్యాక ఆమె నెల్లూరులో నరేంద్రబాబు వర్క్‌షాపులో చేరింది. నరేంద్రబాబు చిన్న గాలిమరలు తయారుచేసి రొయ్యల రైతులకు అమ్మేవాడు. గుంటల్లో నీళ్ళు చిమ్మే ఫ్యాన్లు కరెంటు మీద తిరుగుతాయి. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే, నీళ్ళలో గాలి చాలక రొయ్య పైకి తేలి చస్తుంది. ఆ ఆపద వేళకని కట్ట మీద ఒక గాలిమర, షెడ్డులో బ్యాటరీలు. ఆలోచన మంచిదే. ఆలోచన చేసినవాడే మంచివాడు కాదు.

ఆ గాలిమర తలలో తిరిగే జనరేటర్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. మామూలు జనరేటర్‌కు అయస్కాంత బలం మనమే కరెంటు పెట్టి ఇస్తాం కాబట్టి ఎక్కువైతే తగ్గించుకోవచ్చు. ఇది పుట్టుకతోనే అయస్కాంతం. దానికి ఎవరూ ఏమీ పెట్టక్కర్లేదు, ఎవరూ తగ్గించనూ లేరు. రెక్క ఎంత జోరుగా తిరిగితే వోల్టేజీ అంత పైకి పోతుంది. పైగా అందులోంచి వచ్చే కరెంటు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, బ్యాటరీకి అది పనికిరాదు. దాన్ని ఒకే దిక్కుకు మళ్ళించే పెట్టే రెక్టిఫయర్. పెట్టెలో ఆరు డయోడ్లు కలిపి పోతపోసిన నల్లటి బిళ్ళ ఒకటుంటుంది. ఆ బిళ్ళను అల్యూమినియం పలకకు బిగిస్తారు, దాని వేడి పలకలోకి దిగి గాలికి పోతుంది. పెట్టె ప్రాణమంతా ఆ బిళ్ళలోనే ఉంటుంది.

రెక్టిఫయర్ పెట్టెలన్నీ డెబోరా చేతి మీదుగానే తయారయ్యేవి. కొత్త రకం మొదలుపెట్టినప్పుడు ఆమె ముందే చెప్పింది.

"సార్, తుపాను గాలిలో బ్యాటరీ స్విచ్చి ట్రిప్పయి పడిపోయిందంటే రెక్క మీద బరువుండదు, ఎర్రెత్తినట్టు తిరుగుతుంది. వోల్టేజీ యాడికి పోతుందో చెప్పలేం. పదహారు వందల వోల్టులు తట్టుకునే బిళ్ళ కావాలి. తక్కువది తెస్తే నేను బిగించను."

"తెప్పిస్తాలేమ్మా" అన్నాడు నరేంద్రబాబు.

వచ్చిన బిళ్ళల మీద తెల్లటి అక్షరాలతో పదహారు వందలనే ఉంది. డెబోరా బిగించింది, గంటసేపు నడిపింది, పలక మీద చెయ్యి ఆనించి ఆమెన్ దాకా నిలబడింది. పలక చల్లగానే ఉంది. పెట్టె మంచిదని సంతకం చేసింది. ఆమె చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే. అరచెయ్యి వేడిని చెబుతుంది గానీ వోల్టేజీని చెప్పదు, ఆ రెండో సంగతికి ఆమె అచ్చేసిన అంకెను నమ్మింది. ఆ తడవ తయారైన వాటిలో మొదటి సెట్టును పట్టుబట్టి మామ గుంటకే పెట్టించింది. ఆదెయ్య స్వయంగా నెల్లూరు పోయి పెట్టె తెచ్చుకున్నాడు.

ఆ ఏడాది కార్తీకంలో వాయుగుండం పట్టింది. పొద్దున పదింటికి కరెంటు పోయింది. గాలిమర మీద ఫ్యాన్లు తిరుగుతుంటే ఆదెయ్య షెడ్డులో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ మేనకోడలి గొప్ప చెప్పాడు. మధ్యాహ్నం షెడ్డు కారి బ్యాటరీ స్విచ్చి పడిపోయింది. నిమిషం తిరక్కముందే పెట్టెలోంచి పొగ, వెనకాలే మంట. కప్పు లోపలి తాటాకు తడవని చోట అంటుకుని, బయట వాన పడుతుండగానే తగలబడింది. సాయంత్రానికి గుంటనిండా రొయ్యలు తెల్లగా తేలాయి. ఇంకో పన్నెండు రోజుల్లో పట్టుబడికి వచ్చే పంట.

కబురు విని డెబోరా మర్నాడు పొద్దున్నే వచ్చింది. కాలిన పెట్టె విప్పి, పగిలిన బిళ్ళను ఊడదీసి చీర కొంగులో కట్టుకుంది. ఎందుకు పగిలిందో ఆమెకు అంతుపట్టలేదు. పదహారు వందల బిళ్ళ ఆ గాలికి పోకూడదు.

మూడో రోజున నరేంద్రబాబు కారులో వచ్చాడు. కట్ట మీద పాతికమంది రైతులు పోగయ్యారు. అందరి ముందూ నిలబడి, బాధపడుతున్న వాడిలా తల ఊపుతూ అన్నాడు.

"ఆడపిల్ల గదా అని జాలిపడి పనిచ్చినాను. స్క్రూలు బిగించేదానికి కూడా చేతగాలేదు. నా సామాన్లో తప్పు లేదు, చేతిలో ఉంది."

తర్వాత ఆమెను పక్కకు పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి చూపించాడు. పెట్టె కాలడానికి కారణం నా చేతి తప్పే, ఇందులో మరెవరి తప్పూ లేదు అని రెండు ముక్కలు అందులో ఉన్నాయి. "దీని మీద సంతకం పెట్టు. మీ మామకి కొత్త సెట్టు, కొత్త ఫ్యాన్లు నేనిస్తా. పెట్టనంటావా, ఆయన కోర్టు చుట్టూ తిరగాల్సిందే. నీ ఇష్టం" అన్నాడు.

డెబోరా మామ వంక చూసింది. ఆదెయ్య కాలిన షెడ్డు గుంజను ఆనుకుని, తల దించుకుని నిలబడ్డాడు. ఒక్క మాట, కాదు నా పిల్ల అట్టా చేయదు అని ఒక్క మాట అనుంటే ఆమె ఆ కాగితాన్ని చించి గుంటలో వేసేది. ఆయన అనలేదు. ఆమె సంతకం పెట్టింది. కింద సాక్షి అని ఉన్నచోట ఆదెయ్య చేత పెట్టించారు. ఆయన పెన్ను తీసుకుని, ఆమె మొహం చూడకుండా పెట్టాడు.

ఆ రోజు నుంచి ఆయన ఆమె మొహం చూడలేదు. చర్చిలో ఆరాధన అయ్యీ కాకముందే చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆమె ఆయన ఇంటికి పోతే పెరటి దారిన బయటికి నడిచేవాడు. తనను సాకి చదివించిన మనిషి, తన చేతి మీద పంట పోయిందని నమ్మాడు. ఉద్యోగం పోయినందుకు ఆమె ఏడవలేదు. ఊరంతా చేతగానిదన్నందుకూ ఏడవలేదు. ఈ ఒక్కదానికి మాత్రం చాలా రోజులు ఏడ్చింది. ఏడుపు అయిపోయాక మిగిలింది కోపం, అది మాత్రం అయిపోలేదు.

మరుసటి ఏడాది క్రిస్మస్ ముందు, గోళ్ళ పాత రంగు తుడుచుకుంటూ, అప్పటికి సొంతంగా పెట్టుకున్న షాపులో కూర్చుంది. ఎదురుగా సీసా కనిపించింది. ఏం తోచిందో, బిళ్ళను బయటికి తీసి, రంగు తుడిచే మందులో ముంచిన దూదితోనే దాని మసి కూడా తుడిచింది. మసితో పాటు తెల్ల అక్షరాలు కూడా దూదికి వచ్చేశాయి. వాటి కింద, బిళ్ళ ఒంట్లోకి చెక్కిన సన్నటి అంకె ఇంకొకటి ఉంది. నాలుగు వందలు.

ఇప్పుడు ఆమెకు అర్థమైంది. చవక బిళ్ళ కొని, అంకె మీద నల్లరంగు పూసి, ఆ పైన పదహారు వందలని అచ్చు కొట్టారు. ఆ అబద్ధాన్ని తన చేత బిగింపించి, తన చేత పాస్ చేయించి, కాలిపోతే తన చేతి తప్పని రాయించుకున్నారు. ఆ నరేంద్రబాబును ఏం చేసినా పాపం లేదనుకుంది.

అప్పుడే నెల్లూరు బస్సెక్కి ఉంటే సినిమాలా ఉండేది. డెబోరాకు సినిమా తెలివి లేదు, పని తెలివి ఉంది. తన దగ్గర ఏడాది పాటు పడున్న కాలిన ముక్కను చూపిస్తే, నువ్వే మార్చినావంటాడు. వాడి చేత్తో సీలు వేసిన పెట్టెలోంచి, వాడి కళ్ళ ముందు, పదిమంది చూస్తుండగా ఇంకో బిళ్ళ బయటికి రావాలి. ఆ రోజు వచ్చేదాకా కూర్చోవాలి. కూర్చుంది.

కూర్చోవడం తేలికగా ఏమీ లేదు. మూడేళ్ళ తర్వాత హజరత్తయ్య అనే రైతు నరేంద్రబాబు అమ్మిన పెట్టెను రిపేరుకు తెచ్చాడు. ఉప్పుగాలి ఒక తీగను తినేసింది, అంతే. తీగ మార్చాక పెట్టె మూత తీసి ఉంది, చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. బిళ్ళను పలకకు పట్టి ఉంచే రెండు స్క్రూలు చెరో చుట్టు వదులు చేస్తే చాలు, వచ్చే గాలివానకు ఆ పెట్టె మండుతుంది, నరేంద్రబాబు పేరూ దాంతో పాటే మండుతుంది. ఒక స్క్రూ మీద మొన ఆనించింది కూడా. అప్పుడు తట్టింది. తాను వేలు పెట్టి చెడగొట్టిన మరుక్షణం ఆ కాగితం నిజమైపోతుంది. నా చేతి తప్పే అన్నమాట నిజమైపోతుంది. రెండు స్క్రూలూ ఇంకో పావు చుట్టు బిగించి మూత వేసేసింది.

బిళ్ళ దొంగదని మాత్రం హజరత్తయ్యకు చెప్పలేదు. "గాలి ఎక్కువైతే రెక్క కట్టేసుకో అన్నా" అని అంతటితో ఊరుకుంది. చెబితే మాట నెల్లూరు చేరుతుంది, నరేంద్రబాబు జాగ్రత్త పడతాడు. ఆ తర్వాత రెండేళ్ళలో రెండు పెట్టెలు కాలాయి, హజరత్తయ్యది కాదు గానీ ఇంకెవరివో. విన్నప్పుడు ఆమెకు ఆ రైతుల మీద జాలి కలిగింది, లోపల ఇంకో మూల చల్లగానూ ఉంది. ఈ విషయంలో ఆమెను వెనకేసుకు రావడం ఎవరి వల్లా కాదు. ఆమె కూడా ఎప్పుడూ సమర్థించుకోలేదు.

రోజుకు నాలుగైదు సార్లు ఏదో ఒక మోటారు మీద చెయ్యి ఆనించి ప్రార్థన చెప్పక తప్పదు కదా. అందులో, మనకు చెడు చేసినవాళ్ళను క్షమించే మాట ఒకటి వస్తుంది. అక్కడికి రాగానే డెబోరా మనసులో ఒక మనిషిని పక్కకు తీసి నిలబెట్టి, మిగతా లోకాన్నంతా క్షమించి, ముందుకు సాగేది. తొమ్మిదేళ్ళూ అలాగే గడిచాయి.

ఈ వేసవిలో ఆ రోజు వచ్చింది. కోట దగ్గర రొయ్య రైతులు సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షురాలు కామాక్షి, పాత వ్యవసాయ కుటుంబం, వరి మాని గుంటలు తవ్వించిన మనిషి, మాటకు తిరుగులేదు. సంఘం తరఫున నలభై గాలిమరలు కొందామనుకున్నారు. నరేంద్రబాబు ముందు ఒకదాన్ని కామాక్షి గుంట మీద నిలబెట్టి, పెట్టెకు తన సీలు వేసి, నెల రోజులు నడిపి చూసుకోండన్నాడు. నెల అయ్యాక కామాక్షి డెబోరా షాపుకు వచ్చి, నువ్వొకసారి చూసి చెప్పమని అడిగింది.

"చూస్తా అక్కా. కానీ మెంబర్లంతా ఉండాలి. నరేంద్రబాబు గారు ఉండాలి. మా ఆదెయ్య మామ కూడా ఉండాలి" అంది డెబోరా. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. సముద్రపు గాలి ఎక్కింది, గాలిమర గిర్రున తిరుగుతోంది, నాలుగు ఫ్యాన్లూ నీళ్ళు చిమ్ముతున్నాయి. కట్ట మీద షామియానా కింద ముప్పైమంది దాకా ఉన్నారు. వెనక వరసలో, గుంజ పక్కన, తెల్ల తువ్వాలు తలకు చుట్టుకుని ఆదెయ్య. డెబోరా సంచిలో ఊరగాయ సీసా, గోళ్ళ రంగు తుడిచే మందు, కొంచెం దూది ఉన్నాయి.

ఆమెను చూడగానే నరేంద్రబాబు మొహం గంటు పెట్టుకున్నాడు. వ్యాను లోంచి ఒక ఫైలు తెప్పించి, అందులోంచి ఆ పాత కాగితాన్ని తీశాడు. ఎందుకైనా పనికొస్తుందని దాన్ని భద్రంగా ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు.

"పరీక్ష చేసేది ఈమా కామాక్షమ్మా? ఈమె చేతి పని యవ్వారం ఈమే రాసిచ్చింది, వినండి" అని పైకి చదివాడు. సాక్షి పేరు కూడా చదివాడు. కొందరు వెనక్కి తిరిగి ఆదెయ్యను చూశారు. ఆయన తువ్వాలు సర్దుకున్నాడు.

డెబోరా తొణకలేదు. "సంతకం నాదే సార్. అందుకే పెట్టెను నేను ముట్టుకోను. మీరే ముట్టుకోండి" అంది.

"ఏందమ్మా?"

"పెట్టె వెనక పలక మీద అరచెయ్యి ఆనించండి. ప్రార్థన నేను చెప్తా. ఆమెన్ దాకా మీ చెయ్యి ఆగితే, నలభై పెట్టెలూ మంచివని నేనే సంతకం పెడతా. మీకు నా సంతకాలంటే ఇష్టం గదా."

రైతులు నవ్వారు. పరంజ్యోతి మేస్త్రి పరీక్ష వాళ్ళందరికీ తెలిసిందే. నరేంద్రబాబు తన వర్క్‌షాపులో దాన్ని చూసినా ఏనాడూ పట్టించుకోలేదు. వెనక్కి తగ్గితే పరువు పోతుందని, చొక్కా చెయ్యి మడిచి అరచెయ్యి పలక మీద ఆనించాడు. అల్యూమినియం మిగుల్చుకోవడానికి వాడు పెట్టిన పలక సగం సైజుదని డెబోరా రాగానే గమనించింది. మధ్యాహ్నం నుంచి నిండు గాలిలో కాగుతోంది.

డెబోరా కళ్ళు మూసుకోలేదు. వాడి కళ్ళలోకే చూస్తూ, చర్చిలో చెప్పినట్టు నిదానంగా మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర వాడి పెదవి బిగుసుకుంది. రోజు కూడు అడిగే చోట మెడ నరం లేచింది. ఆ మాట కాగానే చెయ్యి లాగేసుకుని విదిలించాడు. అరచెయ్యి ఎర్రగా కందింది. క్షమించే మాట దాకా కూడా రాలేదు. డెబోరా అక్కడితో ఆపేసింది.

"మూత తీయించండి అక్కా, లోపల చూద్దాం" అంది కామాక్షితో.

"సీలు తీస్తే గ్యారంటీ పోతుంది" అన్నాడు నరేంద్రబాబు.

"ఇంకా కొనందానికి గ్యారంటీ ఏంది అన్నా. తీయించు" అంది కామాక్షి.

రెక్క ఆపించి, స్విచ్చిలు తీసి, నరేంద్రబాబు మెకానిక్కే సీలు కోశాడు. బిళ్ళ ఊడి కామాక్షి చేతిలోకి వచ్చింది. తెల్ల అక్షరాలతో పదహారు వందలు. డెబోరా దూదినీ, మందు సీసానూ ఆమెకు అందించి వెనక్కి జరిగి నిలబడింది, వేలు కూడా తగిలించలేదు. కామాక్షి నాలుగు సార్లు రుద్దింది. దూది నల్లబడింది, అక్షరాలు పోయాయి. బిళ్ళను ఎండకు తిప్పి చదివింది.

"నాలుగు వందలు."

అప్పుడు డెబోరా సంచిలోంచి ఊరగాయ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "తొమ్మిదేళ్ళ కింద మా మామ గుంట మీద కాలింది ఇదే. దీని మీద కూడా చదవండి అక్కా" అంది. కామాక్షి చదివింది. అదే అంకె, అదే చెక్కుడు. బిళ్ళలు రెండూ ముందు వరసలో చేతులు మారాయి.

"సప్లయర్ మోసం చేసినాడమ్మా, నాకేం తెలుసు" అన్నాడు నరేంద్రబాబు.

"పేరు చెప్పు. ఫోన్ నంబరు చెప్పు. ఇప్పుడే మాట్లాడదాం" అంది కామాక్షి.

వాడు ఫోను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, వ్యాను వైపు నడిచాడు. రైతులు లేచి వ్యాను ముందు, కట్టకు అడ్డంగా తీరిగ్గా కూర్చున్నారు. ఎవరూ అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. బిళ్ళలు రెండూ పోలీసులకు ఇవ్వడమా, ఈమె అడిగింది రాసివ్వడమా తేల్చుకోమంది కామాక్షి. డెబోరా తెల్లకాగితం ముందు పెట్టింది. తొమ్మిదేళ్ళుగా కంఠతా ఉన్న వాక్యాలను, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది.

"రాయండి సార్. పెట్టె కాలడానికి కారణం నా చేతి తప్పే. ఇందులో మరెవరి తప్పూ లేదు."

కందిన చేత్తోనే వాడు రాశాడు. నొప్పి పుట్టి పెన్ను రెండుసార్లు కింద పెట్టాడు. ఆమె తొందరపెట్టలేదు. జాలి వస్తుందేమోనని తనను తాను చూసుకుంది. రాలేదు. సంతకం అయ్యాక సాక్షి దగ్గర కామాక్షి పెట్టబోతే, "అక్కా, ఆ చోటు ఉంచండి. అది మా మామది" అంది. వెనక్కి తిరిగి చూసింది. గుంజ పక్కన ఆదెయ్య లేడు.

మర్నాడు పొద్దున ఆయనే షాపుకు వచ్చాడు. తొమ్మిదేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. డెబోరా బల్ల మీద ఒక మోటారు నడుస్తోంది, దాని మీద చెయ్యి ఆనించి ప్రార్థన మధ్యలో ఉంది. ఆయన్ను చూసి ప్రార్థన ఆపేసి, స్టూలు లాగి వేసింది. సొరుగులోంచి నరేంద్రబాబు రాసిన కాగితం తీసి ఆయన ముందు పరిచింది.

"చూడు మామా. నా చేతి తప్పు కాదు. ఇప్పుడన్నా నమ్ముతావా?"

ఆదెయ్య కాగితం చూడలేదు. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నమ్మక పోవడమేంది పాపా. నాకు అప్పుడే తెలుసు."

మోటారు చప్పుడులో సరిగా వినలేదేమోనని ఆమె స్విచ్చి ఆపింది.

"పెట్టె తెచ్చుకునేదానికి నెల్లూరు పొయినాను గదా. వెనక గదిలో ఒక ఆడమనిషి కూర్చోని, ఆ నల్ల బిళ్ళల మీద రబ్బరు ముద్ర కొడతా ఉండింది, తెల్లరంగుతో. అప్పుడు నాకేం తెలవలేదు. కాలినాక తెలిసింది. ఆ కాగితానికి ముందే నరేంద్రబాబును ఫోన్లో అడిగినాను కూడా. నోరు మూసుకుంటే కొత్త సెట్టు ఇస్తా, ఫ్యాన్లు ఇస్తా అన్నాడు. గుంట పొయింది, కౌలు పోతుంది, ఇంకేముంది నాకు. మూసుకున్నాను." ఆయన ఒళ్ళోని తువ్వాలు మడత పెట్టాడు. "నీ మీద కోపమనుకున్నావు. కోపం కాదు. నీ మొహం చూళ్ళేకపొయినా."

డెబోరాకు కట్ట మీద ఆ రోజు గుర్తొచ్చింది. గుంజను ఆనుకుని, తల దించుకుని నిలబడ్డ మనిషి. ఒక్క మాట కోసం తాను అటు చూడటం. తొమ్మిదేళ్ళ పాటు తాను ఎవరి నమ్మకం కోసమైతే ఆ సీసాను కాపలా కాసిందో, ఆ మనిషికి దాని లోపల ఏముందో ముందే తెలుసు. ఆమెకు ఏడుపు రాలేదు. నరేంద్రబాబు మీద కూడా ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆదెయ్య జేబులోంచి పెన్ను తీసి, వంగి, కాగితంలో సాక్షి చోటు వెతుక్కున్నాడు. "ఇక్కడేనా?"

"అక్కడ కాదు మామా" అంది డెబోరా. కాగితాన్ని కొంచెం పైకి జరిపి, నరేంద్రబాబు సంతకం పక్కన వేలు పెట్టింది. "ఇక్కడ. ముందు పైకి చదువు."

ఆయన ఆమె మొహం వంక చూశాడు. ఈసారి తల దించుకోవడానికి వీల్లేదు, ఆమె వేలు అక్కడే ఉంది. కూడబలుక్కుని ఆ రెండు వాక్యాలూ చదివాడు. పెట్టె కాలడానికి కారణం నా చేతి తప్పే అన్నాడు. ఇందులో మరెవరి తప్పూ లేదు అన్నాడు. సంతకం పెట్టాడు.

డెబోరా కాగితాన్ని మడిచి ఊరగాయ సీసాలో వేసి, మూత బిగించి, పై అరలో పెట్టింది. ఇంకేమైనా అంటుందేమోనని ఆదెయ్య నిలబడే ఉన్నాడు. ఆమె స్విచ్చి వేసి, మోటారు మీద అరచెయ్యి ఆనించి, ప్రార్థనను మొదటి నుంచి ఎత్తుకుంది. క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి, ఈసారి ఇద్దరిని పక్కకు తీసి నిలబెట్టింది.